లక్కపెట్టిన పళ్ళు

మరుగుతున్న నీళ్ళలోంచి పటకారుతో ఒక్కొక్క పనిముట్టే పైకి తీసి తెల్లగుడ్డ మీద వరసగా పేరుస్తోంది మియెన్. సన్నటి కొక్కేలు, గోరంత గరిటెల్లా ఒంపు తిరిగిన గోకుడు కత్తులు, పొడవాటి కాడల చివర చిన్న గుండ్రటి అద్దాలు. ఆవిరి ముఖాన కొడుతుంటే తల పక్కకి తిప్పుకుని పనిచేయడం ఆమెకి ఏనాడో అలవాటైపోయింది. కత్తులన్నిటినీ కిందటి సాయంత్రమే సానరాయి మీద చుక్క నూనె వేసి పదును పెట్టి ఉంచింది. మొద్దుబారిన కత్తి పంటి గారని ఊడదీయదు సరికదా, ఇంకా గట్టిగా పంటికి అదిమి నునుపు చేస్తుంది. అదంటే మియెన్‌కి చిరాకు.

ఎర్రనది కరకట్ట కింద ఉన్న ఆ చిన్న ఆసుపత్రిలో పళ్ళ గది అన్నిటికన్నా చివరిది. ఒక కుర్చీ, ఒక దీపం, ఒక బల్ల. పళ్ళు పీకడం, పుచ్చులు పూడ్చడం డాక్టరు థాక్ పని. గార తీయడం, చిగుళ్ళ కింద లోతున పేరుకున్నదాన్ని గోకి పంటివేర్లు శుభ్రం చేయడం నర్సు మియెన్ పని. యుద్ధం ఇంకా జరుగుతున్న రోజుల్లో చేరింది, అయిపోయి ఇరవయ్యేళ్ళు దాటినా అదే కుర్చీ పక్కన అదే ఎత్తుపీట మీద కూర్చుంటోంది. బక్కపలచటి మనిషి, యాభైకి దగ్గర పడింది. రోజంతా ఒకే వైపు వంగి వంగి కుడిభుజం కాస్త కిందికి దిగింది. మధ్యవేలి పక్కన, కత్తి కాడ ఆనేచోట, కాయ కాసింది. మియెన్‌కి మనుషుల ముఖాలు గుర్తుండవనీ, నోరు తెరిస్తేనే ఎవరో పోల్చుకుంటుందనీ ఊళ్ళో హాస్యమాడుతుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు.

ఆ పొద్దున మొదటి మనిషి రేవులో బల్లకట్టు నడిపే బిన్. వెదురు గొట్టంలో పొగాకు పీల్చీ పీల్చీ అతని పళ్ళు లోపలివైపు తుప్పు రంగుకి తిరిగాయి. కుర్చీలో వెనక్కి వాలుతూనే మొదలుపెట్టాడు.

"అక్కా, నువ్వు గోకుతుంటే మా ఆవిడ సాధిస్తున్నట్టే ఉంటుంది. బాధ తెలుస్తుంది, నోరెత్తడానికి ఉండదు."

"నోరెత్తితే నేను చేసేదెట్లా? తెరువు, ఇంకా బాగా."

"తోముతుంటే రక్తమొస్తోందక్కా. భయమేసి తోమడం మానేశాను."

"మానేశావు గనకే వస్తోంది. ఇల్లు మురికైందని ఊడ్చడం మానేస్తావా?"

నీళ్ళు చిమ్ముతూ గుయ్యిమనే యంత్రంతో పైపైన ఉన్న గారని రాల్చి, ఆ తర్వాత కత్తి అందుకుంది. కత్తి మొనని చిగురుకీ పంటికీ మధ్యన లోపలికి దింపి, అడుగున గరుకు ఎక్కడ తగులుతుందో వేలికొసలతో వెతుక్కుంటూ పైకి లాగడం, మళ్ళీ దింపడం, మళ్ళీ లాగడం. చెరుకు గీసినట్టు సన్నటి చప్పుడు. గరుకు పోయి గాజు మీద నడిచినట్టు కత్తి జారితే ఆ చోటు అయిపోయినట్టు. ఈ పని చేస్తున్నంతసేపూ మియెన్ కళ్ళు ఎక్కడో కిటికీ అవతల కరకట్ట మీద ఉంటాయి. చూసేది చెయ్యే.

బిన్ పుక్కిలించి లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. "అక్కా, బయట బల్ల మీద మీ అత్తగారు కూర్చునుంది. నీకు తెలుసా?"

మియెన్‌కి తెలియదు. పొద్దున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని జావ తాగారు. ముసలావిడ ఒక్క ముక్క అనలేదు.

వెళ్ళి చూస్తే నిజమే. నడవాలో గోడవారగా, చీటీ చేత్తో పట్టుకుని, వరసలో అందరికంటే చివర కూర్చుని ఉంది లువా ముసలమ్మ. తలకి నల్ల మఖమలు గుడ్డ చుట్టి, పండగలకి మాత్రమే తీసే గోధుమరంగు రవిక తొడుక్కుని వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, కరకట్ట మీద అంత దూరమూ కర్ర పోటేసుకుంటూ ఒక్కతే నడిచింది. రవిక చేతి అంచుతో నోటిని కప్పుకుని ఉంది.

"ఏంటత్తమ్మా, ఇలా వచ్చారు? లోపలికి రండి."

"నా ముందు ఇంతమంది కూర్చున్నారు కనబడట్లా? నా వంతొచ్చినప్పుడు పిలువు."

వరసలో వాళ్ళు నవ్వారు. మియెన్ గదిలోకి తిరిగొచ్చి చేతులు కడుక్కుంది. కాసేపటిదాకా ఆ చేతులకి పని మీద దృష్టి నిలవలేదు.

అత్తగారి నోటిలో చీము పడుతోందని మియెన్‌కి ఏడాదిగా తెలుసు. రోజూ ఆ పనే చేసే మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు, పక్కన కూర్చుంటే వాసన చెబుతుంది. అన్నంలో తూటికూర చారు పోసుకుని నమలకుండా మింగడం, తమలపాకు వక్కా రోట్లో మెత్తగా దంచి బుగ్గన పెట్టుకోవడం, ఇవన్నీ చూస్తూనే ఉంది. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. "ఊళ్ళో వాళ్ళ నోళ్ళు నీకు చాలవా? నా నోటి జోలికి రాకు." ఒకే కప్పు కింద ఇన్నేళ్ళుగా ఉంటున్న ఇద్దరు ఆడవాళ్ళ మధ్య మాటలు ఎప్పుడూ కొదవే. వరికోతలు, బాతులు, వాన, వంట. వీటిని దాటి ఏ సంగతి వచ్చినా ఇద్దరిలో ఒకరు లేచి నీళ్ళకి వెళ్ళిపోయేవారు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. మియెన్ కొత్తకోడలుగా గడప దాటినరోజు లువా నోటినిండా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది మియెన్‌కి. నల్లగా నిగనిగలాడే పళ్ళు, అప్పుడే పండులోంచి తీసిన సీతాఫలం గింజల్లా. మియెన్ వాళ్ళమ్మ కాలానికే ఆడవాళ్ళు అందం కోసం పళ్ళకి లక్కతో నలుపు పెట్టించుకోవడం తగ్గిపోయింది. అలాంటి పళ్ళు అంత దగ్గరగా ఆమె చూడటం అదే మొదలు. పక్కన పెళ్ళికొడుకు తోవాన్ కూడా నవ్వుతున్నాడు. "మా అమ్మ పళ్ళు చూసి భయపడ్డావా? రాత్రిపూట దీపం లేకుండా నవ్విందంటే నోరే లేదనుకుంటావు" అన్నాడు. తల్లి కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది. పెళ్ళయ్యాక తోవాన్ ఇంట్లో ఉన్నది పట్టుమని పది రోజులు లేదు. దేశం దక్షిణాన జరుగుతున్న యుద్ధానికి సైనికదళంతో వెళ్ళాడు. మరి రాలేదు, మనిషీ రాలేదు, ఎముకలూ రాలేదు. ఇంట్లో పూజపీట మీద పెట్టిన ఫొటోలో నోరు మూసుకుని బిగుసుకుని ఉంటాడు. చూసీ చూసీ మియెన్‌కి ఆ మూసిన నోరే మిగిలింది. నవ్వే తోవాన్ ఎలా ఉండేవాడో తలుచుకుందామంటే ఎంతకీ అందేవాడు కాదు.

వరస తరిగి లువా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ముసలావిడ కుర్చీ ఎక్కి, చేతికర్రని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. డాక్టరు థాక్ ముందు చూశాడు. కుర్రవాడే అయినా నిదానం కలవాడు.

"మామ్మా, కింది ముందుపళ్ళు రెండూ బాగా కదులుతున్నాయి. మిగతావాటి చుట్టూ చిగుళ్ళు పంటిని వదిలేసి సంచుల్లా వేలాడుతున్నాయి. అన్నీ తీసేసి శుభ్రంగా తెల్లటి పళ్ళసెట్టు పెట్టుకోవచ్చు. హాయిగా నములుకుంటారు."

లువా కళ్ళు తెరిచింది. "తెల్లపళ్ళు పెట్టుకుని పైకి పోతే మా ముసలాయన నన్ను పోలుస్తాడా నాయనా? ఎవరీవిడ, మా ఇంటికెందుకొచ్చింది అంటాడు."

థాక్ నవ్వాడు. "అయితే మియెనక్క చేతిలో పెడుతున్నాను. లోతుగా శుభ్రం చేస్తే చిగుళ్ళు మళ్ళీ బిగుస్తాయి. ఆ రెండూ నిలుస్తాయో లేదో మాత్రం చెప్పలేను. ఇవాళ ఒక సగం, వచ్చే వారం ఒక సగం." కుడివైపు మత్తుసూది పొడిచి, తన పనికి తను వెళ్ళిపోయాడు.

మత్తెక్కేదాకా ఆగి, మియెన్ దీపాన్ని కిందికి వంచింది. "నోరు తెరవండత్తమ్మా."

లువా కోడలి ముఖంలోకి ఒకసారి చూసి, మెల్లిగా నోరు తెరిచింది.

పళ్ళ మీద లక్క ఇంకా అక్కడక్కడా మెరుస్తూనే ఉంది, చిగుళ్ళ దగ్గర మాత్రం పెచ్చులు లేచింది. ఆ కింద ఏళ్ళ తరబడి సున్నమూ వక్కరసమూ పట్టి పేరుకున్న గార. మామూలు నోట్లో అయితే తెల్లటి పంటి మీద నల్లటి గార ఎక్కడుందో కంటికి ఆనుతుంది. ఇక్కడ నలుపు మీద నలుపు. నీళ్ళు చిమ్మే యంత్రం పెడితే లక్క ఎగిరిపోతుంది. మియెన్ దాన్ని పక్కకి తోసి, అన్నిటికంటే సన్నటి కత్తి తీసుకుంది. లక్క ఆగినచోటు నుంచి కిందికి దిగితే చాలు, పైన తాకక్కర్లేదు. అద్దంతో పెదవిని పక్కకి తీసి పట్టుకుంది.

అప్పుడు కనిపించింది. కింది వరసలో కుడిపక్క, కోరపన్ను పక్కనున్న పన్ను చోటు చాలక తిరిగి, ముందుపంటి మీదికి భుజమెక్కినట్టు ఎక్కి ఉంది. మియెన్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తోవాన్ పన్ను అది. అచ్చం అదే పన్ను, అదే వైపు. నవ్వితే ముందు అదే కనిపించేది. పెళ్ళయిన రెండోరోజు చెరువుగట్టున కూర్చుని తాటిబెల్లం కొరుకుతూ, ఆ పంటి సందులో ఇరుక్కున్న ముక్కని నాలుకతో తోసుకుంటూ ఏదో చెప్పి పకపకా నవ్వాడు. ఏం చెప్పాడో గుర్తులేదు. నవ్వు మాత్రం, ఇన్నేళ్ళుగా ఎంత వెతికినా దొరకనిది, ఒక్కసారిగా ఎదురుగా వచ్చి నిలబడింది. ఇంత కాలమూ అది ఈ నోట్లోనే ఉంది, ఒకే ఇంట్లో, బారెడు దూరంలో.

కత్తిని చిగురు కిందికి దింపింది. గోకింది. నెత్తుటితో కలిసి నల్లటి పెళ్ళ ఒకటి ఊడొచ్చింది. దాన్ని దూదికి తుడిచింది. మళ్ళీ దింపింది. నోటినుంచి మాట దానంతటదే వచ్చేసింది.

"ఆ నాలుగు నెలలూ నాకెందుకు చెప్పలేదత్తమ్మా?"

లువా కళ్ళు పెద్దవయ్యాయి. నోట్లో అద్దం, కత్తి, దూది. బదులు చెప్పే వీలు లేదు.

"నేను పట్నంలో ఈ పని నేర్చుకుంటున్నాను. ఇక్కడ మీకు కబురొచ్చింది. మీరు దాచుకున్నారు. పరీక్షలయ్యాక ఇంటికొస్తే పూజపీట మీద ఫొటో ఉంది, ముందర అగరొత్తుల బూడిద గుట్టగా ఉంది. ఆ నాలుగు నెలలూ నేనేం చేశానో తెలుసా? పూల రవిక కుట్టించుకున్నాను. చంద్రుడి పండక్కి హాస్టల్లో అందరం పాటలు పాడాం. ఆయన పోయాడని ఊరంతటికీ తెలుసు, నేనొక్కదాన్నే నవ్వుతూ తిరిగాను."

ఆమె గొంతు పెరగలేదు. గోకడం, తుడవడం, గోకడం. ఒక పన్ను అయిపోయి ఇంకో పంటికి వచ్చింది. కర్ర మీదున్న ముసలావిడ చెయ్యి పైకి లేచి, గాలిలో కాసేపు ఊగి, మళ్ళీ దిగింది. కంటి కొసనుంచి నీళ్ళు చెవిలోకి కారుతుంటే మియెన్ మోచేతితోనే తుడిచింది.

"నొప్పి పుడుతోందా?"

లువా తల అడ్డంగా ఊపింది.

కుడివైపంతా అయ్యేసరికి గంట దాటింది. మియెన్ కుర్చీని లేపి గ్లాసు అందించింది. లువా పుక్కిలించి ఉమ్మింది. ఎర్రటి నీళ్ళు, వాటిలో నల్లటి ఇసుక. మత్తెక్కిన పెదవి వంకర పోతుంటే మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

"చెబితే వచ్చేసేదానివి. వచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చేదానివి. ఇద్దరం ఏడిస్తే వాడు లేచొస్తాడా? చదువు పూర్తయితే నీ కూడు నువ్వు సంపాదించుకుంటావు, ఎవణ్ణో చేసుకుని పోతావు, హాయిగా బతుకుతావు అనుకున్నా. చిన్నపిల్లవి."

"పోలేదుగా."

"పోలేదు. మొండి ఘటానివి. నువ్వలా నా కళ్ళముందే ముసలిదానివవుతుంటే నాకెలా ఉంటుందనుకున్నావు? నిన్ను చూసినప్పుడల్లా నేనే నిన్ను కట్టిపడేశానేమో అనిపించేది. ఇంకేం మాట్లాడను నీతో?"

మియెన్ పనిముట్లని పళ్ళెంలో సర్దుతూ నిలబడింది. ఆఖరి కత్తి పెట్టాక అడిగింది. "మరి ఇవాళెందుకొచ్చారు? ఏడాదిగా బతిమాలుతున్నా వినలేదు."

లువా నోటిని మళ్ళీ రవిక చేత్తో కప్పుకుంది. "తోవాన్ పోయాడే, ఆ నెలలో నాకో కల వచ్చింది. ముందుపన్ను ఊడి అరచేతిలో పడినట్టు. ఎవరికీ చెప్పలేదు. మొన్న మళ్ళీ అదే కల. లేచి నాలుకతో తడుముకుంటే నిజంగానే కదులుతోంది. పన్ను ఊడితే పోయేది ఊడినవాళ్ళు కాదు, వాళ్ళింట్లో వాళ్ళు. మనింట్లో నేను కాక ఇంకెవరున్నారే?"

అది కల పని కాదనీ, సున్నమూ పాచీ గట్టిపడి ఎముకని తినేస్తే పన్ను కదులుతుందనీ మియెన్ రోజుకి పదిమందికి చెబుతుంది. గోడ మీద బొమ్మ కూడా ఉంది. ఆమె ఆ బొమ్మ వంక చూడలేదు.

"అయితే ఊడనివ్వను లెండి" అంది.

మధ్యాహ్నం ఇంటికి పొమ్మంటే లువా పోలేదు. సాయంత్రం దాకా నడవాలో బల్ల మీదే కూర్చుంది. వచ్చేపోయే వాళ్ళకి వంకర పెదవితోనే "నా కోడలే చేసింది, చెయ్యి తేలిక" అని చెబుతూనే ఉంది. గది మూసి మియెన్ బయటికి వచ్చేసరికి ఎండ తగ్గింది. ఇద్దరూ కరకట్ట మీద నడిచారు. మియెన్ సైకిలెక్కకుండా తోసుకుంటూ ముసలావిడ నడకకి తగ్గట్టు నడిచింది. కింద నది నిండుగా, ఎర్రటి మట్టినీళ్ళతో పోతోంది. అవతలి గట్టున మల్బరీ తోటల్లో ఆడవాళ్ళు ఆకులు కోస్తున్నారు.

లువా ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టింది. పదిహేనో ఏట పళ్ళకి నలుపు పెట్టించుకున్న సంగతి. మూడురోజులు ముందు నుంచీ నిమ్మరసంతో పుక్కిలింతలు, చిగుళ్ళు మండిపోవడం. నూరిన లక్కని తాటాకు ముక్క మీద పూసి పళ్ళకి అద్ది, నోరు తెరుచుకునే పడుకోవడం. వేడి తగలకూడదు, నమలకూడదు. అన్నం ముద్దలు చల్లార్చి మింగడమే. "మా అక్కచెల్లెళ్ళం ముగ్గురం ఒకే మంచం మీద నోళ్ళు తెరుచుకుని పడుకున్నాం, చేపల్లా. ఒకరిని చూసి ఒకరికి నవ్వొస్తుంది, నవ్వితే ఆకు ఊడిపోతుంది. మా అమ్మ బెత్తం పట్టుకుని కూర్చుంది, నవ్వితే కొడతానని. ఆఖరికి ఆవిడే ముందు నవ్వింది."

మియెన్ నవ్వింది. లువా కూడా నవ్వింది, సగం పెదవే కదిలింది.

"తోవాన్‌కి ఆ వంకర పన్ను మీ దగ్గర్నుంచే వచ్చింది. మీకు తెలుసా?"

"తెలీకేం. పాలపళ్ళు ఊడి అది మొలిచినప్పుడే చూశా. వాడు ఏడ్చాడు, బాలేదని. ఇది మనింటి గుర్తురా, తప్పిపోయినా దీన్ని బట్టి పోల్చుకుంటా అన్నాను." ముసలావిడ కర్ర ఆనించి ఆగింది. "పోల్చుకోడానికి కూడా లేకుండా పోయాడు."

చాలాదూరం వెళ్ళాక మియెన్ అంది, "నేనివాళ పోల్చుకున్నానత్తమ్మా."

లువా సైకిలు మీద ఒక చెయ్యి వేసి నడిచింది.

దారిలో సంతకొట్టు దగ్గర మియెన్ ఒక మెత్తటి బ్రష్షు కొంది. తోముకోడానికి వక్కపీచు ఉండగా ఇదెందుకని ముసలావిడ గొణిగింది. ఇంటికెళ్ళి నీళ్ళజాడీ దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం వెనకనుంచి కోడలు చెయ్యి పట్టుకుని చూపిస్తుంటే ఊరుకుంది. గట్టిగా రుద్దకూడదు, చిగురు మీద నుంచి పంటి మీదికి, వాకిలి ఊడ్చినట్టు. మళ్ళీ, మళ్ళీ. ఆ ముసలి వేళ్ళని తన వేళ్ళతో పట్టుకోవడం మియెన్‌కి అదే మొదటిసారి.

ఆ తర్వాత లువా మూడు చలికాలాలు బతికింది. మిగతా సగమూ చేయించుకుంది. మూణ్ణెల్లకో నాలుగు నెలలకో ఒకసారి ఆసుపత్రికి వచ్చి, చీటీ తీసుకుని, వరసలోనే కూర్చునేది. చిగుళ్ళు గులాబిరంగుకి తిరిగి పళ్ళ చుట్టూ బిగుసుకున్నాయి. మెత్తగా దంచిన వక్క మానేసి మళ్ళీ ముక్కలే నమిలింది. కదిలే రెండింటిలో ఒకటి నిలిచింది. ఇంకొకటి మరుసటి వేసవిలో జామపండు కొరుకుతుంటే ఊడింది. వారం రోజులు మియెన్‌ని సైకిలెక్కనివ్వలేదు, నది దాటనివ్వలేదు. వారం గడిచి ఏమీ కాకపోయేసరికి తనే తేల్చేసింది. "అది ముందే సగం పోయిన పన్ను. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు." ఆ మూడేళ్ళలో ఇద్దరూ తోవాన్ గురించి ఎంత మాట్లాడుకున్నారంటే, కొన్నిసార్లు పొయ్యి మీద అన్నం మాడేది.

మూడో చలికాలం చివర్లో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, లువా కునుకు తీస్తానని పడుకుని మళ్ళీ లేవలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి స్నానం చేయించారు. ఆచారం ప్రకారం నోట్లో చిటికెడు బియ్యం, ఒక నాణెం పెట్టాలి. వాళ్ళలో పెద్దావిడ ముందుకొచ్చింది. మియెన్ తను పెడతానంది.

గడ్డం కింద వేలు పెట్టి నొక్కితే నోరు తేలిగ్గా తెరుచుకుంది. అలవాటు కొద్దీ బొటనవేలు చిగురు మీదికి వెళ్ళింది. గట్టిగా ఉంది. పళ్ళు చల్లగా, నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. వంకర పన్ను దాని చోట అదుంది. బియ్యం గింజలూ నాణెమూ దాని పక్కన పెట్టి, పెదవులు దగ్గరికి చేర్చి, నోటి మూలన అంటిన తడిని తన రవిక చేత్తో తుడిచింది.

చుట్టాలంతా వెళ్ళిపోయాక అత్తగారి దోమతెర ఉతకడానికి విప్పింది. తలవైపు దోమతెర గుంజకి, లేచి కూర్చుంటే ముసలావిడ ముఖానికి సరిగ్గా ఎదురుగా వచ్చే ఎత్తులో, తామరనార దారంతో ఒక చిన్న గుండ్రటి అద్దం కట్టి ఉంది. సంతలో గాజులతో పాటు అమ్మే రకం. వెనకాల ఎర్రరేకు, ఒక అంచున పగులు. మియెన్ మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. అద్దం నిండా సన్నసన్నగా వక్కరసం తుంపరలు ఎండిపోయి ఉన్నాయి, మధ్యలో మాత్రం నవ్వితే నోరు కనిపించేంత మేర ఎవరో రోజూ వేలితో తుడుచుకున్నట్టు తేటగా ఉంది.